నీళ్ళలోకి దిగే చొక్కాలు

కొలత తీసేటప్పుడు నేను మనిషిని ఊరికే నిలబెట్టను. నీ పనేమిటో ఒకసారి చేసి చూపించమంటాను. లారీ డ్రైవరైతే స్టూలు మీద కూర్చుని చేతులు ముందుకు చాపుతాడు. పంతులుగారైతే బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యెత్తుతారు. దోసెలు పోసే ఆయన నడుం వంచి గరిటె తిప్పుతాడు. అప్పుడు టేపు పెడతాను. నిలబడ్డ మనిషి చొక్కా వేరు, పనిలో ఉన్న మనిషి చొక్కా వేరు. ఏలూరు పవర్‌పేటలో నలభై రెండేళ్ళుగా ఇదే నా పద్ధతి. మొదటిసారి వచ్చినవాళ్ళు నవ్వుతారు. రెండోసారి వచ్చినవాళ్ళు నవ్వరు, అడక్కుండానే చేసి చూపిస్తారు.

ఆ ఎండాకాలం మాత్రం కొట్టుకి మనుషులే తక్కువ. అందరూ రెడీమేడ్ కొనేస్తున్నారు. నా కోడలు మునీరా తన గాజులు అమ్మి ఎంబ్రాయిడరీ మెషీను కొంది. కంప్యూటర్లో బొమ్మ పెడితే దానంతట అదే బట్ట మీద కుట్టేస్తుంది. మంచి మెషీనే. కానీ కొన్న దగ్గర్నుంచీ పూల దుప్పటి కప్పుకుని ఓ మూల కూర్చుంది. రెండు జాకెట్లకీ ఓ స్కూలు బ్యాడ్జీకీ తప్ప దాని చప్పుడు విన్నది లేదు.

నా కొడుకు అక్రమ్ తాడేపల్లిగూడెంలో ఒక బట్టల కొట్లో కటింగ్ మాస్టరు. ఆదివారాలు వస్తాడు. ఉగాది వెళ్ళిన ఆదివారం అన్నం తింటూ ఒకే ఒక్క మాట అన్నాడు.

"మృగశిర కార్తెలోగా దానికి ఒక గట్టి ఆర్డరు రాకపోతే అమ్మేద్దాం. కొట్టు ఖాళీ చేసి మీరిద్దరూ గూడెం వచ్చేయండి."

మునీరా నా వైపు చూసింది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"మృగశిర దాకా కదా," అంది మునీరా. "సరే."

మర్నాడే కొట్టు ముందు కొత్త బోర్డు వేలాడదీసింది. కూడబలుక్కుని చదివాను. కంపెనీలకూ, టీములకూ లోగో చొక్కాలు వేయబడును.

ఆ బోర్డు చూసే అచ్యుతరావు కారు ఆపాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. గూడెంలో చేపల మేత అమ్ముతాడాయన. మేత బస్తాల మీద ఆయన పేరే ఉంటుంది, అచ్యుత అని. పెదపాడు వైపు ఎనభై ఎకరాల చెరువులు కూడా ఉన్నాయి. ఆయన వెనకాల నల్లగా, వెడల్పాటి భుజాల మనిషి ఒకతను దిగాడు. పేరు బుల్లిరాజు. కొల్లేటి లంక ఊరు. చెరువుల్లో వల లాగి చేపలు పట్టే ముఠాకి మేస్త్రీ. ఆ పనిని వాళ్ళు పట్టుబడి అంటారు.

అచ్యుతరావు కూర్చోకుండానే సంగతి చెప్పేశాడు. జూన్ మొదట్లో ఆయన పెద్ద చెరువు పట్టుబడి. చుట్టుపక్కల రైతుల్ని నలభై మందిని పిలుస్తున్నాడు. తన మేత తిన్న చేప ఎంత లావుందో కళ్ళారా చూస్తారు. వల లాగే ఇరవై రెండు మంది ఒంటి మీదా తన లోగో ఉండాలి.

"ఆ రోజు దర్జాగా కనపడ్డారనుకో, ఏడాదంతా నా చెరువులన్నీ వీడి ముఠాకే. లేదంటే కైకలూరు ముఠా ఉండనే ఉంది. ఏరా?"

"దర్జాకేం లోటండీ," అన్నాడు బుల్లిరాజు. "నీళ్ళల్లో దిగేదాకా మేమూ దొరలమే."

"ఒక్క చొక్కా ఎంతమ్మాయ్?" అని మునీరాని అడిగాడు అచ్యుతరావు.

"ఒక్కటే అయితే రెండు వేల దాకా అవుతుందండీ."

"రెండు వేలా! బంగారం అంచు వేస్తావా ఏంటి?"

"ఇరవై నాలుగైతే ఒక్కోటీ ఐదొందల అరవై దాకా అండీ."

ఆయన ఫోను తీసి మునీరా మొహం ముందు పెట్టాడు. "ఇదిగో, తిరుప్పూరు నుంచి ఇంటికి పంపిస్తాడంట. రెండొందల తొంభై తొమ్మిది. చదువుకో."

మునీరా చదివింది. కోపం తెచ్చుకోలేదు. ఫోను తెర మీద వేలుపెట్టి కిందికి జరిపింది. "ఇక్కడ సన్నక్షరాలు కూడా చూడండి. ఐదొందల చొక్కాలు తీసుకుంటేనే ఆ రేటు. ఒక్కటే రంగు. లోగో చార్జీ వేరు, రవాణా వేరు. మీ బొమ్మలో ఎన్ని రంగులున్నాయండీ?"

బొమ్మ చూపించాడు. ఎగురుతున్న చేప. దాని తల మీద కిరీటం. నాలుగు రంగులు.

"చూడండి. ఈ బొమ్మని ముందు కంప్యూటర్లో కుట్లుగా మార్చాలి. పంచింగ్ అంటామండీ. దానికి పన్నెండొందలు. ఒక్క చొక్కా వేసినా అంతే, వెయ్యి వేసినా అంతే. అందుకే ఒక్కటైతే మండిపోయేది. ఇరవై నాలుగైతే తలకి యాభై పడుతుంది. తర్వాత కుట్లు. మీ చేపకి కిరీటంతో కలిపి పద్నాలుగు వేల కుట్లు. వెయ్యికి పది రూపాయలు. నూట నలభై. కాలరున్న మంచి టీషర్టు రెండొందల ఎనభై. దారం, వెనకాల అతికే కాగితం ఇరవై. ఆ పైన డెబ్భై మా కష్టం."

అచ్యుతరావు మనసులోనే కూడుకున్నాడు. సరిపోయినట్టుంది. "కిరీటం తీసేస్తేనో?"

"మూడు వేల కుట్లు తగ్గుతాయి. ముప్పై రూపాయలండీ."

ఫోన్లో కిరీటం మీద వేలు అడ్డం పెట్టి చూశాడు. "ఉండనీ. కిరీటం లేకపోతే అది నా చేపెలా అవుద్ది?"

"మాకెప్పుడూ కిరీటం చేప వలలో పడలేదండీ," అన్నాడు బుల్లిరాజు. "పడితే మీకే ఇస్తాం."

"నోర్ముయ్. అవునూ, వీళ్ళు ఇరవై రెండు మందే కదా, ఇరవై నాలుగెందుకు?"

"ఒకటి చిరుగుద్ది, ఒక మనిషి కొత్తగా చేరతాడు. అప్పుడు రెండే కావాలంటే ఈ రంగు గుడ్డ దొరకదు, రేటు ఇప్పటిలా ఉండదు. ఇప్పుడే రెండు ఎక్కువ వేయించుకుంటే మీకే చవకండీ," అంది మునీరా.

ఆయన అడ్వాన్సు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. నేను టేపు తీసి బుల్లిరాజు దగ్గరకెళ్ళాను.

"నీ పని చేసి చూపించు."

బుల్లిరాజు కాళ్ళు ఎడంగా పెట్టి, గాల్లో రెండు చేతులూ పిడికిళ్ళు బిగించాడు. మళ్ళీ తనే నవ్వేసి చేతులు దించేశాడు. "నీళ్ళు లేకుండా, వల లేకుండా ఎలా వస్తదండీ సాయిబుగారూ? ఓ పొద్దుట గట్టు మీదకి రండి."

"వస్తాను," అన్నాను.

రెండు రోజుల్లో మునీరా నమూనా చొక్కా తయారుచేసింది. నీలం టీషర్టు, ఎడమ గుండె మీద వెండి దారం చేప, దానికి పసుప్పచ్చ కిరీటం. వేలితో తడిమితే పొలుసులు తగులుతున్నాయి. మెషీను చప్పుడు విని పక్క కొట్లో ఆయన కూడా తొంగిచూశాడు. మునీరా దాన్ని ఫోటో తీసి అక్రమ్‌కి పంపింది. వాడు బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడంట. వాడికది ఎక్కువే.

ఆ చొక్కా సంచిలో పెట్టుకుని నేను గట్టుకి వెళ్ళాను. బుల్లిరాజు చేపల వ్యాను పంపించాడు. పెదపాడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. తెల్లారుతోంది. గూడకొంగలు బారులు తీరి దిగుతుంటే అవతలి గట్టు మీద ఎవరో టపాసు పేల్చి తోలుతున్నారు. అది ఇంకొకరి చెరువు, ఉత్త కూలి పట్టుబడి. ముఠా అంతా గట్టు మీద టీ తాగుతున్నారు. బుల్లిరాజు నమూనా చొక్కా చూసి, చేతులు లుంగీకి తుడుచుకుని మరీ అందుకున్నాడు. నలుగురూ చుట్టూ మూగారు.

"ఓరి నాయనో, చేప బతికున్నట్టే ఉందిరా."

"ఇది తొడుక్కుని పెళ్ళికెళ్ళొచ్చు."

"దిగుదాం పదండి, ఐసు లారీ వచ్చేసింది," అన్నాడు బుల్లిరాజు.

అప్పుడు చూశాను. ఇరవై రెండు మందీ ఒంటి మీద చొక్కాలు విప్పారు. తిరగేశారు. లోపలి వైపు బయటికి వచ్చేలా మళ్ళీ తొడుక్కున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూనే, చూడకుండానే చేశారు. బుల్లిరాజు కూడా కొత్త చొక్కా తల మీద నుంచి వేసుకోబోతూ దాన్ని తిరగేశాడు. వెండి చేప లోపలికి పోయింది. బయటికి దాని వెనకాల అతికిన తెల్ల కాగితం, దారం ముళ్ళు కనపడ్డాయి.

"ఎందుకలా?" అని అడిగాను.

"ఏదండీ?"

"తిరగేశావు."

బుల్లిరాజు తన ఒంటిని తనే కొత్తగా చూసుకున్నాడు. "ఓ, ఇదా. బొత్తాం వల కన్నులో పడితే అంతే సంగతులండీ. లాగే ఊపులో వలయినా చిరుగుద్ది, చొక్కా అయినా చిరుగుద్ది. జేబులూ బొత్తాలూ లోపలికి తిప్పేస్తాం. మా నాన్నా అంతే, తాతా అంతే."

"బొత్తాల్లేని చొక్కా ఇస్తే సరిగ్గానే తొడుక్కుంటారా?"

అందరికంటే పెద్దవాడు, నా వయసు వాడే, అక్కడ్నుంచి అందుకున్నాడు. "చెబితే సరేనంటారండీ. కానీ నీళ్ళ అంచుకొచ్చేసరికి చేతులు వాటంతటవే తిప్పేస్తాయి. ఇంట్లో అడుగుపెట్టబోయే ముందు చెప్పులు విప్పడం లాంటిది."

దిగారు. నేను గట్టు మీద కూర్చున్నాను. పొద్దెక్కేదాకా కూర్చున్నాను. మొదట్లో రొమ్ముల దాకా నీళ్ళు. గుండె మీద ఏముందో ఆ దేవుడికే తెలియాలి. వల దగ్గరికి లాగేటప్పుడు మొహాలు వల వైపు, వీపులు గట్టు వైపు. వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, నడుములు వాల్చి లాగుతున్నారు. గట్టు మీద ఉన్న మాకు కనపడేవి ఇరవై రెండు వీపులు. అంతే. కొలత తీసినట్టు ఆ వీపుల్నే చూస్తూ ఉన్నాను.

బుల్లిరాజు పైకొచ్చేసరికి గుండె మీద కాగితం నాని ఉబ్బింది. దారం ఒకటి వల కన్నులో చిక్కుకుని మూరెడు బయటికొచ్చింది. తిరగేసి చూస్తే చేపకి తోక లేదు. కిరీటం మిగిలింది.

"అయ్యయ్యో," అన్నాడు బుల్లిరాజు. "నేనే పాడుచేశానండీ."

"నువ్వు కాదు," అన్నాను.

ఇంటికొచ్చి ఆ మాట వెంటనే చెప్పలేదు. తడి చొక్కా ఆరేశాను. మునీరా నా మొహం చూసి ఏమీ అడగలేదు, నాతో ఇరవై ఏళ్ళుగా ఉంటోంది కాబట్టి. రెండు రోజులు నేను లోపల్లోపలే కత్తిరించుకున్నాను, కుట్టుకున్నాను. మూడో రోజు పొద్దున టీషర్టుల కట్ట వచ్చింది. మునీరా మొదటిదాన్ని మెషీను చట్రంలో బిగించి, బొత్తాం నొక్కబోతోంది.

"ఆపమ్మా."

ఆగింది. చూసిందంతా చెప్పాను. చొక్కా తిరగేసేది, నీళ్ళెంత లోతో, వీపులూ, చేప తోకా. నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నా భార్య పోయాక అదే మొదటిసారేమో.

"అయితే ఏం చేయమంటారు?"

"కాలరొద్దు. జేబొద్దు. బొత్తాలొద్దు. ఎంబ్రాయిడరీ వద్దు. పల్చటి గుడ్డ, నీళ్ళు పట్టనిది. వీపు మీద పెద్దక్షరాలు. ప్రింటు, ఒకటే రంగు."

మునీరా చట్రం మీద నుంచి చెయ్యి తీసింది. "నెలల తరబడి మీరు నోరు తెరవరు మామయ్యా. తెరిస్తే ఇదా చెప్పేది? ప్రింటంటే బయట వినయ్ దగ్గర వేయించాలి. నా మెషీనుకి పనేముంటుంది?"

"ఉండదు."

"ఈ ఆర్డరే ఆ గట్టి ఆర్డరు. అక్రమ్‌కి ఏం చెప్పను?"

"తెలీదు. ఆ చేప మాత్రం ఒక్క పట్టుబడికి కూడా ఆగదు."

లేచి వెళ్ళి తోక లేని చేపని ఎండలో పట్టుకుని చూసింది. తెగిన దారం కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. వచ్చి కాగితం మీద లెక్కేసింది. గుడ్డ నూట ఇరవై. కుట్టు తొంభై, అది నాది. ఒకే రంగు కాబట్టి ఒకే స్క్రీను, అంటే అచ్చు వేసే జాలీ చట్రం, ఐదొందలు. తలకి ఇరవై. రంగూ, వేసే కూలీ ఇరవై. మాకు నలభై. మొత్తం రెండొందల తొంభై.

"సగానికి సగం పడిపోయింది," అంది. చట్రం విప్పేసి, టీషర్టు మడిచి, మెషీను మీద దుప్పటి కప్పేసింది. "కట్టలోంచి ఒక్కటే తీశాను, కొట్టువాడు వాపసు తీసుకుంటాడు. పదండి, గూడెం ప్యాసింజరు ఉంది."

అచ్యుతరావు కొట్టు నిండా మేత బస్తాలు, తవుడూ ఎండుచేపా కలిసిన వాసన. మమ్మల్ని చూసి లేచాడు.

"అప్పుడే అయిపోయాయా?"

మునీరా చెప్పింది. చెబుతుంటే ఆయన కనుబొమలు కలిశాయి. "అంటే చేతకాలేదన్నమాట. ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్. తిరుప్పూరు వాడికి చెప్పుకునేవాణ్ణి."

నేను సంచిలోంచి నమూనా తీసి బల్ల మీద పరిచాను. "మీ చేపండీ. ఒక్కపూట దిగింది."

ఆయన చూశాడు. తిరగేసి చూశాడు. కిరీటాన్ని గోటితో గీరాడు.

"గుండె మీద వేస్తే నీళ్ళల్లో చేపలు చూస్తాయండీ," అంది మునీరా. "మీరు పిలిచిన రైతులు చూసేది వీపులు. దానికి ఇంత ఖర్చక్కర్లేదు. రెండొందల తొంభై చాలు."

"తిరుప్పూరు వాడి రేటు కంటే తొమ్మిది తక్కువ." ఆయన గొంతు మారింది, కానీ కళ్ళలో అనుమానం పోలేదు. "నీకు రావలసింది నువ్వే పోగొట్టుకుంటున్నావు. ఎందుకని?"

"ఆ రోజు గట్టు మీద వాళ్ళు రెండు అడుగుతారండీ. మేత ఎవరిదని, చొక్కాలు ఎవరు కుట్టారని. రెండో దానికి నా పేరు చెబుతారు కదా."

ఆయన నవ్వలేదు. "అడ్వాన్సులో ఎక్కువున్నది వెనక్కిచ్చెయ్ అయితే." మునీరా పర్సులో సిద్ధంగా పెట్టుకొచ్చింది. తీసిచ్చింది. ఆయన లెక్కపెట్టుకున్నాక ఇంగ్లీషులో కంపెనీ పూర్తి పేరు ఒక కాగితం మీద రాసిచ్చాడు. బారెడుంది.

"ఇది కాదండీ," అన్నాను. "గట్టు మీద నుంచి నేను చదవగలగాలి."

"మీరెంతదాకా చదివారు సాయిబుగారూ?"

"మూడో తరగతి. ఒత్తుల దగ్గర మానేశాను."

"నా పేరులోనే ఒత్తుంది కదండీ!"

"అందుకే లావుగా వేయాలి. తెలుగులో. ఒక్కటే మాట. అచ్యుత."

ఆయన కాగితం వెనక్కి తీసుకుని ఒక్కొక్క మాటా కొట్టేస్తూ వచ్చాడు. ప్రాణం పోతున్నట్టే కొట్టేశాడు. చివరికి ఒకటి మిగిలింది.

ఆ వారమంతా మా సందులో అదొక ఆట. మునీరా పెద్ద కాగితాల మీద ఆ మాటని రకరకాల కొలతల్లో అచ్చు తీసుకొచ్చి ఎదురింటి గోడకి అంటించేది. గట్టు నుంచి వల దాకా నేను లెక్కపెట్టుకొచ్చిన నలభై అడుగుల దూరంలో నిలబడేవాణ్ణి. "అ..." అని ఆగితే ఆ కాగితం చించేసేది. "ఒత్తు కనపడ్డంలేదు" అంటే ఒత్తు లావు చేసేది. నాలుగో కాగితాన్ని ఆగకుండా చదివాను.

"ఇదే," అంది. జానెడు ఎత్తు అక్షరాలు, ఒత్తు పిడికిలంత.

చొక్కాలు నేనే కత్తిరించాను, నేనే కుట్టాను. నీలం గుడ్డ, గుండ్రటి మెడ, చంకల్లో చెయ్యి బారగా చాచడానికి నాలుగు వేళ్ళు ఎక్కువ. కుట్టు అంచుల్ని రెండు వైపులా లోపలికి మడిచి నొక్కి కుట్టాను. ఏ వైపు తిప్పినా ఒకేలా నున్నగా ఉంటుంది. కట్ట మోసుకుని వినయ్ ప్రింటింగు షెడ్డుకి వెళ్ళాం. కుర్రాడు నెమ్మదస్తుడు, పని వచ్చినవాడు. మునీరా చొక్కా తిరగేసి బల్ల మీద పరిచింది.

"అటు కాదక్కా," అన్నాడు వినయ్. "అది లోపలి వైపు."

"లోపలి వైపే వెయ్యి."

"తిట్టేది నన్నేనక్కా తర్వాత. మామయ్యగారూ, మీరైనా చెప్పండి."

"వెయ్యి బాబూ," అన్నాను.

వినయ్ స్క్రీను దించుతూ కూడా మా ఇద్దరి మొహాలూ చూశాడు. తెల్ల రంగు పడింది.

ఆదివారం అక్రమ్ వచ్చాడు. దుప్పటి కప్పిన మెషీను చూశాడు, నా ఒళ్ళో నీలం చొక్కాలు చూశాడు. "అయితే ఎవరికైనా చెప్పమంటారా, అమ్మడానికి?" అని అడిగాడు. గొంతులో ఎగతాళి లేదు, బాధే ఉంది.

"మృగశిర ఇంకా రాలేదు," అంది మునీరా, దారం కొస కొరుకుతూ.

మృగశిరకి రెండు రోజుల ముందు పట్టుబడి. మేమిద్దరం స్కూటీ మీద వెళ్ళాం. గట్టు మీద షామియానా, కుర్చీలు, మజ్జిగ. పెదవేగి నుంచి పామాయిల్ తోటల వాళ్ళు కూడా వచ్చారు, చెరువులు తవ్విద్దామన్న ఆలోచన ఉన్నవాళ్ళు. ఉండి ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు. అచ్యుతరావు తెల్ల చొక్కాలో అందరికీ నమస్కారాలు పెడుతూ తిరుగుతున్నాడు.

ముఠా అల్లంత దూరంలో గట్టు మలుపు తిరిగింది. ఇరవై రెండు నీలం చొక్కాలు. బాగున్నారు. అచ్యుతరావు అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు. దగ్గరికొచ్చారు. మమ్మల్ని దాటి వెళ్ళారు. వీపులు చూశాడు. ఖాళీ. ఒక్క అక్షరం లేదు.

గబగబా నా దగ్గరికి వచ్చాడు. నవ్వు మొహం మీదే ఉంచి పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు. "సాయిబుగారూ, పేరేదండీ?"

"ఉందండీ."

"ఎక్కడుంది? నలభై మంది ముందు నా పరువు తీస్తారా? అమ్మాయ్, నువ్వు చెప్పు!"

మునీరా నన్ను చూసింది. తన చున్నీ కొస వేలికి బిగించి చుట్టుకుంటోంది. ఎందుకంటే మేము బుల్లిరాజుకి ఏమీ చెప్పలేదు. తెల్లారకముందే కట్ట వ్యానులో వేసి పంపించాం, లోపల ఏముందో చూడకుండా చీకట్లోనే తొడుక్కుని ఉంటారు, అంతే. చెబితే ఆలోచిస్తారు. ఆలోచిస్తే చేతులు తడబడతాయి.

"మజ్జిగ తాగండి," అన్నాను ఆయనతో.

ముఠా నీళ్ళ అంచుకి చేరింది. పెద్దాయన బీడీ పారేశాడు. బుల్లిరాజు వల కొస ఎక్కడ పట్టాలో ఎవరికో అరిచి చెబుతున్నాడు. చెబుతూనే చొక్కా విప్పాడు. మిగిలినవాళ్ళూ విప్పారు. ఒకడు పక్కవాడి మీద ఏదో జోకు వేశాడు, ఆ నవ్వుల్లోనే ఇరవై రెండు చొక్కాలూ గాల్లో తిరగబడ్డాయి. తలలు దూర్చారు. చేతులు దూర్చారు. గట్టు వైపు వీపులు పెట్టి నీళ్ళలోకి దిగారు.

షామియానా కింద తలలన్నీ చెరువు వైపు తిరిగాయి.

"అచ్యుత," అని చదివాను. ఆగలేదు.

మీసాల రైతు ఒకాయన కుర్చీలోంచి లేచి గట్టు అంచుకి వచ్చాడు. "ఇదేదో బాగుందే. దిగేటప్పుడే పేరు కనపడేలా చేశారా? రోడ్డు మీద సాదా, నీళ్ళల్లో దర్జానా?"

అచ్యుతరావు గొంతు సవరించుకున్నాడు. "అవునండీ," అన్నాడు. "అలాగే కుట్టించాను."

మునీరా చున్నీ వదిలేసి పక్కకి తిరిగి నవ్వుకుంది.

వల దగ్గరికి వచ్చేకొద్దీ చేపలు ఎగిరాయి. ముఠా వెనక్కి వెనక్కి అడుగులేస్తుంటే, అక్షరాలు మా మీదకే వస్తున్నాయి. ఒక్క దారం ఎక్కడా చిక్కుకోలేదు. పైకొచ్చాక బుల్లిరాజు తన వీపు చూసుకోవాలని మెడ అటూ ఇటూ తిప్పాడు, అందలేదు. పక్కవాడి వీపు చూసి నా వైపు చెయ్యెత్తాడు.

"మేమేం చేస్తామో మాకంటే ముందే తెలుసా సాయిబుగారూ?"

"చూశాగా."

"టీ కొట్టు దగ్గర మళ్ళీ ఇటు తిప్పేస్తే మా చొక్కాలు మావేనన్నమాట. అక్కడా ఈయన బోర్డు మోయక్కర్లేదు." అచ్యుతరావు వింటున్నాడని తెలిసే అన్నాడు.

"మోయరా, ఏడాదంతా మోద్దువు గాని. చెరువులన్నీ నీవే," అన్నాడు అచ్యుతరావు.

ఐసు పెట్టెలు లారీకి ఎక్కుతుండగా మునీరా దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆయన జేబులోంచి ఫోను తీయలేదు.

"అమ్మాయ్, కొట్లో మా వాళ్ళకీ, ఊళ్ళల్లో మేత అమ్మే డీలర్లకీ కలిపి అరవై చొక్కాలు కావాలి. వీళ్ళు నీళ్ళల్లో దిగరు. నా చేప వెయ్యి. కిరీటంతో సహా. పంచింగ్ ఖర్చు ఒక్కసారే అన్నావు, గుర్తుంది. అరవైకి పంచు. ఎంత పడుద్దో చెప్పు."

మునీరా వెంటనే చెప్పగలదు. తలకి ఇరవై అని నాకే తెలిసిపోయింది. నెలల తరబడి ఆ మాట కోసమే ఎదురుచూసింది.

"ఇప్పుడే చెప్పనండీ," అంది. "వాళ్ళేం పని చేస్తారు?"

"ఏం చేస్తారు! బస్తాలు ఎత్తుతారు, బిల్లులు రాస్తారు."

"బస్తా ఏ భుజం మీద పెడతారండీ? ఎడమ వైపైతే చేప అటు వేయకూడదు. ఒకసారి వచ్చి ఎత్తేది చూస్తాను. అప్పుడు రేటు."

అచ్యుతరావు నా వైపు చూశాడు. నేను చెరువు వైపు చూశాను.

ఇంటికి రాగానే మునీరా మెషీను మీద దుప్పటి తీసి, బకెట్లో నానేసి, ఉతికి తాడు మీద ఆరేసింది. మళ్ళీ దాన్ని మెషీను మీద కప్పలేదు, తాడు మీదే వదిలేసింది. మర్నాడే గూడెం వెళ్ళి బస్తాలు ఎత్తేది చూసి రేటు చెప్పొచ్చింది. ఆదివారం అక్రమ్ వచ్చినప్పుడు మెషీను నడుస్తోంది, మృగశిర వాన మొదలైంది. వాడు కాసేపు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విన్నాడు. తాడు మీద దుప్పటి తడిసిపోతుంటే తీసుకొచ్చి మడతపెట్టి బీరువాలో పెట్టాడు. ఒక్క మాట అడగలేదు. నా కొడుకే కదా.